పాప చేతిలో ఖాళీ పేజీ: ఆటోగ్రాఫ్ ఎప్పుడు అడగాలి, ఎప్పుడు ఊరుకోవాలి

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు. బ్యాడ్మింటన్ అంటే ప్రాణం. ఈమధ్య ఒక పెద్ద టోర్నమెంటుకు తీసుకెళ్లాను. తనకు బాగా ఇష్టమైన క్రీడాకారిణి ఆ రోజు మూడు గేములు ఆడి ఓడిపోయింది. ఆటగాళ్లు బయటికి వచ్చే దారి పక్కన గంటసేపు నిలబడ్డాం. ఆమె వచ్చింది. మెడలో కార్డు వేసుకున్న ఒకావిడ ఆమెను అంటిపెట్టుకుని నడుస్తోంది. పాప పుస్తకం చాచి "అక్కా, ఆటోగ్రాఫ్ ప్లీజ్" అంది. ఆమె మా వైపు చూడను కూడా చూడకుండా వెళ్లిపోయింది. పాప ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ రాత్రే గోడ మీది పోస్టరు పీకేసింది. వాళ్లు దిగిన హోటల్‌కి వెళ్తే పని అవుతుందని మా మరిది అంటున్నాడు. తనే మూడు జెర్సీలు కొనిస్తాడట. చిన్నపిల్ల అడిగితే కాదనరు కాబట్టి పాప చేత సంతకాలు పెట్టించుకుని, ఒకటి పాపకు ఉంచి రెండు అమ్ముదామంటాడు. నాకైతే డబ్బులివ్వకుండా ఇలా వెంటపడటమే చెయ్యి చాచి అడుక్కున్నట్టుగా ఉంది. అసలు అడగడం తప్పా? అడిగితే ఎలా అడగాలి?
– ఒక అమ్మ

సమాధానం: మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మెడలో కార్డు వేసుకున్న ఒకావిడ ఆమెను అంటిపెట్టుకుని నడుస్తోంది" అని రాశారు చూడండి, అక్కడ. నేనక్కడ లేను కాబట్టి ఖాయంగా చెప్పను. కానీ పెద్ద టోర్నమెంట్లలో మ్యాచ్ అయిన వెంటనే అలా ఒక మనిషి పక్కన చేరారంటే అది చాలాసార్లు డోపింగ్ టెస్టు (నిషేధించిన మందులు వాడారా అని చూసే పరీక్ష) కోసమే అయి ఉంటుంది. టెస్టు ఉందని ఆటగాడికి చెప్పిన క్షణం నుంచి శాంపిల్ ఇచ్చేదాకా ఒకరు కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉండాలని నియమం. నీళ్లు తాగినా, మీడియాతో మాట్లాడినా, బట్టలు మార్చుకున్నా ఆ మనిషి కళ్ల ముందే. మూత్రం శాంపిల్ కనీసం 90 మిల్లీలీటర్లు ఇవ్వాలి. గంటకు పైగా ఆడి ఒంట్లో నీరంతా చెమటగా పోయినవాళ్లకు అది ఎంత కష్టమో ఆలోచించండి. బాటిళ్లకు బాటిళ్లు నీళ్లు తాగుతూ గంటల తరబడి ఆ గదిలో కూర్చునేవాళ్లు ఉంటారు. గెలిచినవాళ్లనే పిలుస్తారనేం లేదు, ఓడినవాళ్లనూ పిలుస్తారు.

ఒకవేళ అది డోపింగ్ టెస్టు కాదనుకుందాం. అయినా ఆమె అప్పుడే ఓడిపోయి వస్తోంది. మూడో గేము దాకా లాక్కొచ్చి ఓడటం మామూలు ఓటమి కాదు. ఆ నడకలో ఆమె చెవులకు మన మాట చేరకపోయి ఉండొచ్చు. చేరినా, ఆగితే కళ్లలో నీళ్లు తిరుగుతాయన్న భయంతో ఆగకపోయి ఉండొచ్చు. మీ పాప కూడా ఆడే పిల్లే కదా. చిన్న పోటీలో ఓడినా, కోర్టు నుంచి బయటికొస్తుంటే ఎదురొచ్చి పలకరించినవాళ్లకు తను ఎలా జవాబిచ్చిందో అడగండి. నేను ఎంత చెప్పినా అర్థం కానిది ఆ ఒక్క ప్రశ్నతో తనకు అర్థమవుతుంది.

కాబట్టి ఆమె మీ పాపను కాదనలేదు. ఆ సమయంలో ఎవరు అడిగినా జరిగేది అదే.

ఇక మీ అసలు ప్రశ్న. డబ్బులివ్వకుండా ఆటోగ్రాఫ్ అడగడం అడుక్కోవడమా? కానే కాదు. డబ్బు తీసుకుని సంతకాలు పెట్టే కార్యక్రమాలు వేరే ఉన్నాయి. అక్కడ ఫోటోకి ఇంత, జెర్సీకి ఇంత అని ముందే రేటు రాసి ఉంటుంది, ఇచ్చి పుచ్చుకోవడంతో లెక్క సరి. బారికేడ్ దగ్గర ఒక పిల్ల పుస్తకం చాచడం అలాంటిది కాదు. "మీ ఆట నాకు ఇష్టం" అని చెప్పడానికి పిల్లలకు అదొక దారి. చాలామంది క్రీడాకారులు కూడా చిన్నప్పుడు అలా రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డవాళ్లే. అడిగారని వాళ్లు చులకనగా చూడరు. పొరపాటున కూడా అక్కడ డబ్బు ఇవ్వబోకండి. అప్పుడే అది నిజంగా వాళ్లను చిన్నబుచ్చినట్టు అవుతుంది.

అయితే డబ్బు లేదు కదా అని అది ఊరికే వచ్చేదీ కాదు. ఆ మనిషి సమయం అడుగుతున్నాం. ఒక సంతకానికి పది సెకన్లు అనుకున్నా, వంద మంది నిలబడితే పదహారు నిమిషాలు దాటుతుంది. ఆట ముగిశాక ఒళ్లు చల్లబడకముందే వాళ్లు స్ట్రెచింగ్ చేసుకోవాలి, ఫిజియో దగ్గరికి వెళ్లాలి, విలేకరులతో మాట్లాడాలి, తినాలి, మర్నాడు మ్యాచ్ ఉంటే నిద్రపోవాలి. ఆ పదహారు నిమిషాలు వీటిలో ఏదో ఒకదాన్నుంచి తీసివ్వాల్సిందే. అందుకే ఆటోగ్రాఫ్ మర్యాదలో ముప్పాతిక భాగం సమయం చూసుకోవడమే అంటాను. మాట ఎంత తియ్యగా ఉన్నా వేళ తప్పితే లాభం లేదు.

మరి మంచి వేళ ఏది? ప్రాక్టీసు అయిపోయిన తర్వాత. మ్యాచ్ తర్వాత కాదు, ముందు అసలే కాదు. చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎవరి కళ్లలోకీ చూడకుండా వార్మప్‌కి వెళ్తున్న మనిషిని పిలవకండి. ఆయన అప్పటికే ఆటలో ఉన్నాడు. ప్రాక్టీసు ముగించుకుని, టవల్ మెడ చుట్టూ వేసుకుని, కోచ్‌తో కబుర్లు చెప్పుకుంటూ వస్తున్నవాళ్ల దగ్గర మాత్రం సాధారణంగా పిల్లల మాట చెల్లుతుంది. టోర్నమెంటులో మొదటి రెండు మూడు రోజుల్లో జనం తక్కువ, ప్రాక్టీసు ఎక్కువ. పోస్టర్ల మీద ఉన్న పెద్ద పేరు కోసమే కాకుండా డబుల్స్ ఆడేవాళ్ల కోసం, ర్యాంకు కాస్త కిందున్నవాళ్ల కోసం కూడా నిలబడండి. వాళ్లు ఆగుతారు, పేరు అడుగుతారు, పాప ఏ చేత్తో ఆడుతుందో కూడా అడుగుతారు. నా పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు అలాంటివాళ్లవే.

ఒక్కో ఆటకు ఒక్కో పద్ధతి ఉంది, అదీ తెలుసుకుని వెళ్లాలి. టెన్నిస్‌లో గెలిచినవాళ్లు కోర్టు వదిలి వెళ్తూ గ్యాలరీ అంచున ఆగి సంతకాలు పెడతారు, ఓడినవాళ్లు బ్యాగు తగిలించుకుని చెయ్యి ఊపి వెళ్లిపోతారు. అక్కడ ఓడిన మనిషిని ఎవరూ ఆపరు. అమెరికా బేస్‌బాల్‌లో ఆటకు ముందు బ్యాటింగ్ ప్రాక్టీసు జరుగుతున్నప్పుడే అభిమానులు కింది వరుసల్లోకి చేరతారు. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో పొద్దున్నే టీమ్ బస్సుల దగ్గర నిలబడతారు. గోల్ఫ్‌లో మాస్టర్స్ టోర్నమెంటు జరిగే అగస్టాలో కోర్సు మీద ఆటోగ్రాఫ్ అడగకూడదు, క్లబ్‌హౌస్ అవతల ప్రాక్టీసు చేసుకునే వైపే అడగాలి. ఇలాంటి నియమాలను చూసి "ఎంత పొగరు" అనుకునేవాళ్లు ఉంటారు. నాకైతే ఇదే నయం అనిపిస్తుంది. అడిగే చోటు ఒకటి ఉందంటే, అక్కడ నిలబడినవాళ్లకు ఆశ పెట్టుకునే హక్కు ఉంటుంది. మిగతా చోట్ల ఆటగాడికి మనశ్శాంతి ఉంటుంది. మీరు వెళ్లే స్టేడియంలో అలాంటి చోటు ఏదో వాలంటీర్లనో సెక్యూరిటీవాళ్లనో ముందే అడగండి. వాళ్లు చాలా సంతోషంగా చెబుతారు, వాళ్లకూ తోపులాట తప్పుతుంది.

హోటల్ సంగతికి వస్తాను. వెళ్లకండి.

దీని మీద నాతో వాదించేవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు. లాబీ అందరిదీ కదా అంటారు. నిజమే, కానీ ఏడాదిలో నెలల తరబడి ఊళ్లు పట్టుకు తిరిగే మనిషికి ఆ హోటలే ఇల్లు. లిఫ్టులో, టిఫిన్ చేసే చోట, గది గుమ్మంలో ఎదురుపడే అపరిచితుడు, ఎంత మంచివాడైనా సరే, ఇంట్లోకి చొరబడినవాడే. రెస్టారెంటులో భోజనం చేస్తున్నప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు, ఆస్పత్రిలో, బాత్రూమ్ దారిలో... ఇవేవీ విడిగా చెప్పక్కర్లేదనుకుంటాను. టీమ్ బస్ బయల్దేరేటప్పుడు బయట తాడు కట్టి, అభిమానులు నిలబడటానికి చోటు ఇస్తే అక్కడ నిలబడొచ్చు. అంతవరకే.

ఇంకో కారణం కూడా ఉంది, పైగా మీరు అడుగుతున్నది ఒక అమ్మాయిని. 1993 ఏప్రిల్ 30న జర్మనీలోని హాంబర్గ్‌లో టెన్నిస్ క్రీడాకారిణి మోనికా సెలెస్ మ్యాచ్ మధ్యలో, కోర్టు మారేటప్పుడు కుర్చీలో కూర్చుని ఉండగా ప్రేక్షకుల్లోంచి ఒకడు వెనకనుంచి వచ్చి కత్తితో వీపులో పొడిచాడు. అప్పుడామెకు 19 ఏళ్లు. మళ్లీ టోర్నమెంట్లు ఆడటానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఆ తర్వాత టెన్నిస్ కోర్టుల్లో ఆటగాళ్ల కుర్చీల వెనక సెక్యూరిటీ నిలబడటం మామూలైపోయింది. వెనకనుంచి పిలుపు వినిపిస్తే ఉలిక్కిపడే క్రీడాకారిణులను నేను చూశాను. కాబట్టి ఎప్పుడూ ఎదురుగా, కనబడేలా నిలబడి అడగాలి. భుజం తట్టకూడదు, చెయ్యి పట్టి ఆపకూడదు. ఫోటో దిగేటప్పుడు భుజం మీద చెయ్యి వెయ్యకూడదు. "మీరు టీవీలో కంటే బయట బాగున్నారు" లాంటి మాటలు అసలే వద్దు. ఆమె అందుకోసం ఆడటం లేదు.

ఇప్పుడు మీ మరిది ఆలోచన. ఇక్కడ మెత్తగా చెప్పలేను, క్షమించండి. పాప చేతికి అమ్మకానికి జెర్సీలు ఇచ్చి పంపడమంటే పాప ఇష్టాన్ని సరుకు చేయడం. పైగా ఇది కొత్త ఎత్తు కాదు. పిల్లలను ముందు పెట్టి, వాళ్ల చేతుల్లో కొత్త బంతులు, కొత్త జెర్సీలు పెట్టి సంతకాలు సంపాదించి అమ్ముకునేవాళ్లు లోకమంతా ఉన్నారు. ఆటగాళ్లకు ఇది బాగా తెలుసు. మడత నలగని మూడు జెర్సీలు ఒకే చిన్నపిల్ల చేతిలో చూడగానే వాళ్ల మొహం మారుతుంది. "నీ పేరేంటమ్మా?" అని అడిగి, సంతకం పైన ఆ పేరు రాసి ఇస్తారు. పేరు రాసిన వస్తువును కొనేవాళ్లు తక్కువ కాబట్టి అది వాళ్లు కనిపెట్టుకున్న కాపలా. అంతకంటే బాధాకరం ఏమిటంటే, ఇలాంటివాళ్లను చూసి చూసి కొందరు అసలు ఆగడమే మానేశారు. మీ పాప వెనక నిలబడ్డ పిల్లలకు దక్కాల్సింది అలా పోతోంది.

ఇందులో పెద్ద పెద్ద మోసాలే జరిగాయి. అమెరికాలో 1990లలో నకిలీ సంతకాల ముఠాల మీద ఎఫ్‌బీఐ "ఆపరేషన్ బుల్‌పెన్" పేరుతో దర్యాప్తు చేసింది. ఆ సమయంలో అధికారులకు సమాచారం ఇచ్చినవాళ్లలో బేస్‌బాల్ ఆటగాడు టోనీ గ్విన్ కూడా ఉన్నాడు. తను సంతకమే చేయని వస్తువుల మీద తన సంతకం కనిపించింది మరి. మీ పాప కళ్ల ముందు పెట్టిన సంతకానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. దాన్ని అమ్మబోతేనే అది అసలుదా నకిలీదా అన్న గొడవంతా.

ఇంకో సంగతి మీ మరిదికి తెలిసి ఉండకపోవచ్చు. కొందరు ఆటగాళ్లకు జెర్సీల మీద, బంతుల మీద సంతకాల విషయంలో కంపెనీలతో ఒప్పందాలు ఉంటాయి. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైఖేల్ జోర్డాన్ 1992 నుంచి అప్పర్ డెక్ అనే కంపెనీతో అలాంటి ఒప్పందంలో ఉన్నాడు. ఇలాంటి ఒప్పందం ఉన్నవాళ్లు కాగితం మీద పెట్టి జెర్సీ మీద పెట్టనంటే అది గర్వం కాదు. పాపకు ఒకటే చెప్పండి: ఒక్క వస్తువు, దాని మీద పాప పేరుతో. "నా పేరు కూడా రాస్తారా?" అని పాపే అడిగితే ఆ ఆటగాడికి వెంటనే తెలిసిపోతుంది, ఇది దాచుకోవడానికే అని. ఆ ప్రశ్నతో ముఖాలు ఎలా విప్పారతాయో నేను ఎన్నోసార్లు చూశాను.

అడిగే తీరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పేరు పెట్టి కాకుండా మీ పాప అన్నట్టే "అక్కా", లేకపోతే "మేడమ్". ఒక వాక్యం చాలు. ఆట గురించి ఒక నిజమైన మాట ఉంటే ఇంకా మంచిది: "మొన్న సెమీస్‌లో మీ డ్రాప్ షాట్ చూసి నేనూ అదే ప్రాక్టీస్ చేస్తున్నా" అన్నట్టుగా. ఆటోగ్రాఫ్ కావాలా, సెల్ఫీ కావాలా ముందే తేల్చుకోవాలి, రెండూ అడగొద్దు. ఒకసారి సంతకం అయ్యాక పక్కకు తప్పుకుని వెనకున్నవాళ్లకు చోటివ్వాలి. మళ్లీ చుట్టు తిరిగి వచ్చి ఇంకో పేజీ చాచకూడదు, వాళ్లు గుర్తుపడతారు. సంతకం పెట్టినా పెట్టకపోయినా "థాంక్యూ, ఆల్ ది బెస్ట్" అనాలి. పెట్టనప్పుడు ఆ మాట అనడం కష్టమే. అలా అన్న పిల్లను వెనక్కి తిరిగి చూసి ఆగిపోయినవాళ్లను కూడా చూశాను కానీ, ఆ ఆశతో అనమని మాత్రం చెప్పకండి.

పెన్ను గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ నాకొక అనుభవం ఉంది. చాలా ఏళ్ల కిందట ప్రాక్టీసు అయి వస్తున్న ఒక ఆటగాడి ముందుకు మూత తీసిన నల్ల మార్కర్ చాచాను. వెనకనుంచి ఎవరో తోశారు. మార్కర్ మొన ఆయన తెల్ల చొక్కా మీద, జేబు ఉండే చోట, వేలెడు పొడవున గీత గీసింది. ఆయన ఆ గీతను చూశాడు, నన్ను చూశాడు. నా చేతిలోంచి మార్కర్ నెమ్మదిగా తీసుకుని, సంతకం పెట్టి, మూత గట్టిగా బిగించి, మూత ఉన్న వైపు నా వైపుకు తిప్పి ఇచ్చాడు. ఒక్క మాట అనలేదు. ఆ సంతకం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ పేజీ తీసినప్పుడల్లా నాకు ముందు ఆ గీతే కనిపిస్తుంది. అప్పటినుంచి మూత పెట్టే పట్టుకుంటాను, ఆయనో ఆమో ఆగి చెయ్యి చాచాకే తీస్తాను.

పెన్ను మనమే తీసుకెళ్లాలి, రెండు తీసుకెళ్లాలి, ముందే రాసి చూసుకోవాలి. పుస్తకమైతే మామూలు బాల్‌పాయింట్ చాలు. సంతకం పెట్టే పేజీ తెరిచి, క్లిప్పు పెట్టి, కింద గట్టి అట్ట ఉంచి ఇస్తే వాళ్లకు గాలిలో రాసే బాధ ఉండదు. నున్నటి ఫోటో మీద బాల్‌పాయింట్ పడదు, పర్మనెంట్ మార్కర్ కావాలి, సిరా ఆరేదాకా తాకకూడదు. జెర్సీ అయితే లోపల అట్ట పెట్టి బట్ట బిగుతుగా లాగి పట్టుకోవాలి, లేకపోతే మార్కర్ చిక్కుకుని సంతకం వంకర పోతుంది. ముదురు రంగు బట్ట మీద వెండి రంగు పెన్ను బాగుంటుంది కానీ, దాన్ని ముందే బాగా ఊపి పనికిరాని కాగితం మీద రెండు గీతలు గీసి చూడాలి. లేదంటే ఒక్కసారిగా రంగు బొట్టు పడుతుంది. ఇంటికి తెచ్చాక ఎండ తగిలే గోడకు మాత్రం తగిలించకండి, ఏ సిరా అయినా వెలిసిపోతుంది.

మీ పాపకు రెండు కథలు చెప్పండి. మిన్నెసోటా ట్విన్స్ జట్టుకు ఆడిన హార్మన్ కిల్లబ్రూ అనే బేస్‌బాల్ ఆటగాడు 573 హోమ్ రన్లు కొట్టినవాడు. రిటైరయ్యాక ఆ జట్టులోని కుర్రాళ్లు గబగబా గీత గీసి సంతకం అనిపిస్తుంటే, పేరు చదవగలిగేలా రాయమని పట్టుబట్టేవాడు. ఇంతసేపు నిలబడి అడిగినవాళ్లకు ఆ మాత్రం ఇవ్వాలన్నది ఆయన పట్టుదల. రెండో కథ బాస్కెట్‌బాల్ దిగ్గజం బిల్ రసెల్‌ది. ఆయన ఏళ్ల తరబడి ఆటోగ్రాఫ్ ఇవ్వనని ఖరాఖండిగా చెప్పేవాడు. దానికి బదులు చెయ్యి కలిపి, కాసేపు మాట్లాడటమే తనకు ఇష్టం అనేవాడు. ఇద్దరూ అభిమానులను గౌరవించినవాళ్లే అని నా నమ్మకం. ఒకరు కాగితం ఇచ్చారు, ఒకరు మాట ఇచ్చారు. రసెల్ ఎదురైతే తను ఏం మాట్లాడి ఉండేదో పాపను ఆలోచించుకోమనండి. సంతకం మీద పెట్టిన ధ్యాసలో మాట్లాడే అవకాశాన్ని వదిలేసుకునే పిల్లలు ఎంతోమంది.

పెద్దవాళ్లం మనకూ ఒక కథ ఉంది. 2025 యూఎస్ ఓపెన్‌లో పోలండ్ టెన్నిస్ ఆటగాడు కమిల్ మైఖ్‌షాక్ మ్యాచ్ గెలిచి గ్యాలరీ అంచున సంతకాలు పెడుతూ తన క్యాప్ తీసి ఒక చిన్న బాబుకు అందించబోయాడు. పక్కనున్న పెద్దమనిషి దాన్ని లాక్కుని సంచిలో పెట్టేసుకున్నాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. తర్వాత ఆటగాడే ఆ బాబును వెతికి పట్టుకుని ఇంకో క్యాప్ ఇచ్చాడు. క్యాప్ లాక్కున్న మనిషి, ఆటగాడు దాన్ని తనకే ఇస్తున్నాడనుకున్నానని చెప్పి క్షమాపణ అడిగాడు. అలాంటి తోపులాటలో ఎవరికైనా అలా అనిపించొచ్చు. అందుకే నేను బారికేడ్ దగ్గర పెద్దవాళ్లకు ఒకటే చెబుతాను: పిల్లలు ముందు, మనం ఒక అడుగు వెనక, మన చేతులు వాళ్ల తలల మీదుగా ముందుకు చాపకుండా. వెనకనుంచి నెట్టుకొస్తే ఆ ఇనుప కడ్డీకి నొక్కుకుపోయేది వాళ్ల ఛాతీలే. మరీ జనం ఉంటే పాపను తీసుకుని పక్కకు వచ్చేయండి. ఏ సంతకమూ అంత అవసరం కాదు.

వెళ్లే వీలు లేకపోతే ఉత్తరం రాయొచ్చు. ఇంటి అడ్రసు తవ్వి తీయకుండా క్లబ్బుకో, సమాఖ్యకో రాయాలి. ఒక పేజీ, పాప చేతిరాతతో. తిరిగి పంపడానికి పాప అడ్రసు రాసి స్టాంపులు అంటించిన కవరు లోపల పెట్టాలి. వేరే దేశానికైతే ఆ దేశపు స్టాంపులే కావాలి, మన స్టాంపు అక్కడ చెల్లదు. పోతే ఏడుపొచ్చే వస్తువేదీ పంపొద్దు. జర్మనీ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఆటగాళ్ల ఫోటో ఉన్న ఆటోగ్రాఫ్ కార్డులు అచ్చు వేయించి, అడిగినవాళ్లకు ఉచితంగా పంపే అలవాటు చాలాకాలంగా ఉంది. జవాబుకు నెలలు పట్టొచ్చు, రాకపోవచ్చు కూడా. ఒకవేళ వచ్చిన సంతకం అచ్చు వేసిందో, యంత్రం పెట్టిందో అయితే నిరాశ పడొద్దని పాపకు ముందే చెప్పండి. క్రికెట్‌లో డాన్ బ్రాడ్‌మన్ ముసలితనంలో కూడా అడిలైడ్‌లోని ఇంట్లో కూర్చుని రోజూ గంటల తరబడి అభిమానుల ఉత్తరాలకు జవాబులు రాసేవాడు. అందరూ అలా చేయలేరు.

పోస్టరు సంగతి మాత్రం మీరు వదిలేయండి. మళ్లీ అంటించమని అడగకండి, తీసినందుకు కోప్పడకండి. ఆ పిల్ల నిజంగానే నొచ్చుకుంది, ఆ బాధ తప్పేం కాదు. నేను పైన చెప్పిన డోపింగ్ గది సంగతి ఒకసారి చెప్పి ఊరుకోండి. అంటించాలనిపిస్తే తనే అంటిస్తుంది.

ఆ పుస్తకంలో ఖాళీగా మిగిలిన పేజీ ఉంది కదా, దాన్ని చించనివ్వకండి. ఆ రోజు తేదీ, ఎవరితో మ్యాచ్, మూడు గేముల స్కోర్లు, మూడో గేములో తనకు నచ్చిన ఒక్క ర్యాలీ... ఇవి పాపనే తన చేత్తో ఆ పేజీలో రాయమనండి. తర్వాతి టోర్నమెంటు మొదటి రోజున, ప్రాక్టీసు కోర్టుల వైపు, పక్క పేజీ తెరిచి పట్టుకుని నిలబడండి. ఏం జరిగిందో నాకు రాయండి. సంతకం దొరక్కపోయినా రాయండి.